గుట్ట కింద నిప్పుల సముద్రం లేదు

ఇందాక ఈ సభకు వస్తుంటే మెట్ల దగ్గరే ఒకాయన పట్టుకున్నారు. "సార్, మన భువనగిరి ఖిల్లా గుట్ట అగ్నిపర్వతం కక్కిందేనట కదా!" యూట్యూబ్‌లో చూశారట. కాదండీ. కక్కిన లావా గాలి తగిలి చప్పున చల్లారుతుంది, దాని పలుకు కంటికి ఆనదు. రేపు పొద్దున మన వైపు ఏ గ్రానైట్ బండ మీదికైనా వంగి చూడండి. తెల్లటిదో గులాబీదో ఫెల్డ్‌స్పార్, తళతళలాడే క్వార్ట్జ్, నల్లటి అభ్రకం, వేటికవి విడిగా కనిపిస్తాయి. అంత పలుకు ఎదగాలంటే కిలోమీటర్ల లోతున తీరిగ్గా చల్లారాలి. ఇది సుమారు 250 కోట్ల ఏళ్ల కిందటి మాట. గుట్ట పైకి తన్నుకు రాలేదు, పైనున్న కప్పంతా కోసుకుపోయింది.

ఇలాంటి అపోహలు మనకే కాదు. 18వ శతాబ్దంలో జర్మనీలో వెర్నర్ అనే మహానుభావుడు గ్రానైట్ ఆదిసముద్రపు నీళ్లలో పేరుకుందన్నాడు. యూరప్‌లో సగం మంది తలాడించారు. స్కాట్లండ్‌లో హట్టన్ అనే భూశాస్త్రవేత్తకు మాత్రం మింగుడుపడలేదు. 1785లో, అరవైకి దగ్గరపడ్డ వయసులో, గ్లెన్ టిల్ట్ లోయలో వాగులోకి దిగాడు. అక్కడ నల్లటి రాతి చీలికల్లోకి ఎర్ర గ్రానైట్ తీగలు తీగలుగా చొచ్చుకుపోయి ఉంది. కరిగి ఉంటే తప్ప అలా దూరదు. పైగా వెర్నర్ ఆదిశిల అన్న గ్రానైటే వయసులో చిన్నదని తేలింది! ఆయన సంబరం చూసి, వెంట వచ్చినవాళ్లు వెండో బంగారమో దొరికిందనుకున్నారట. నవ్వండి, నవ్వండి. క్వారీ కాంట్రాక్టర్లు నన్ను ఇప్పటికీ అదే అడుగుతారు.

కరిగిందన్నాను కదా అని భూమి లోపలంతా మరుగుతున్న ద్రవం అనుకోకండి. పిల్లల పుస్తకాల్లో ఆ ఎర్ర బొమ్మలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. భూపటలం, దాని కింది ప్రావారం దాదాపు అంతా గట్టి రాయే. మరి అది కరగడంలో కిటుకంతా నీటిలో ఉంది. నీరు సమృద్ధిగా ఉంటే రాయి 650–700 డిగ్రీలకే కరగడం మొదలుపెడుతుంది, బొత్తిగా లేకపోతే వెయ్యి చుట్టుపక్కలకు వెళ్లాలి. ఈ రెంటికీ మధ్య అభ్రకం, హార్న్‌బ్లెండ్ అనే ఖనిజాలు విరిగి తమలోని నీటిని వదులుతాయి. అప్పుడైనా మొత్తం కరగదు. పూసకట్టిన నేతికి సెగ తగిలితే కొంత జారి పూస మిగులుతుంది చూడండి, అలా. జారింది తేలిక కనుక పగుళ్ల వెంట పైకి ఎక్కుతుంది.

సభాధ్యక్షులు వాచీ చూస్తున్నారు, తొందరగా చెప్పేస్తాను. అలా ఎక్కిన ద్రవం చేరే గుండం ఒక్కసారిగా నిండదు. కాలిఫోర్నియాలో యోసెమిటీ దగ్గరి టువాలమీ గ్రానైట్లు విడతలు విడతలుగా పోగుపడటానికి దాదాపు కోటి ఏళ్లు పట్టిందని వాటిలోని జిర్కాన్ స్ఫటికాల వయసులు చెప్పాయి. చల్లారేటప్పుడు హార్న్‌బ్లెండ్ లాంటివి ముందు గట్టిపడతాయి. మిగిలిన ద్రవంలో సిలికా, పొటాషియం, నీరు పెరుగుతాయి. చిట్టచివర మిగిలేది పెగ్మటైట్, గూడూరు అభ్రకం అలాంటి రాతిలోదే. ఒండ్రు రాయి కరిగితే ఒక రకం గ్రానైట్, అగ్నిశిల కరిగితే ఇంకో రకం అని 1974లో చాపెల్, వైట్ అనే భూశాస్త్రవేత్తలు అన్నారు. అది ఇంకో పూట.

చీమకుర్తి గెలాక్సీ రాయి గ్రానైటేనా అని వెనక నుంచి ఎవరో అడుగుతున్నారు. కాదు, గాబ్రో జాతి. వంటగట్టుకు వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు.