విమాన ప్రయాణంలో డార్క్ రూమ్ రసాయనాలు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలు విదేశాల్లో స్థిరపడినందువల్ల మనలో చాలామంది తరచుగా విమానం ఎక్కుతున్నారు. వెళ్లేవారి పెట్టెలోకి ఊరగాయలతోపాటు ఇరుగుపొరుగువారి పొట్లాలు కూడా చేరుతుంటాయి. మనవల్లో కొందరు మళ్లీ పాత ఫిల్ము కెమెరాలు పట్టి, ఇంట్లోనే ఫొటోలు కడుగుతున్నారు. "తాతయ్యా, వచ్చేటప్పుడు డెవలపర్, స్టాప్ బాత్ తెచ్చిపెట్టు" అని ఫోను చేస్తే కాదనడం కష్టం. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

డార్క్ రూమ్ సరుకంతా ఒకే తరహాది కాదు. ఫిక్సింగుకు వాడే హైపో, అనగా సోడియం థయోసల్ఫేట్, నెమ్మదైన పదార్థం. స్టాప్ బాత్‌కు వాడే గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం అలాంటిది కాదు. వెనిగర్‌లో ఉండేది ఆ ఆమ్లమే అయినా, నీరు కలపనప్పుడు చర్మాన్ని కాలుస్తుంది, లోహాన్ని తింటుంది. సుమారు 40 డిగ్రీల వేడికే దాని ఆవిరి అంటుకోగలదు. బ్లీచింగుకు వాడే పొటాషియం డైక్రోమేట్, పొటాషియం పర్మాంగనేట్ తాము మండకపోయినా, పక్కనున్న వస్తువును మండిస్తాయి. ఇవేవీ ప్రయాణికుల సామానులో పనికిరావు. చేతిసంచిలోనూ కూడదు, చెక్ ఇన్ చేసే పెట్టెలోనూ కూడదు.

"చిన్న సీసాయే కదా" అనుకోవచ్చు. విమానం పైకి వెళ్లాక లోపలి గాలి ఒత్తిడి నేలమీదకంటే తగ్గుతుంది. సీసాలోని గాలి వ్యాకోచించి, మూత వదులుగా ఉంటే ద్రవాన్ని బయటకు తోస్తుంది. ఆ తర్వాత అది దేనిమీద పడుతుందో ఎవరూ చూడరు.

1973 నవంబరు 3న పాన్ యామ్ సంస్థవారి సరుకు విమానం ఒకటి న్యూయార్క్ నుండి స్కాట్లండ్‌కు బయలుదేరింది. దారిలో పొగ కమ్ముకోవడంతో బోస్టన్‌కు మళ్లించారు. అక్కడ దిగబోతూ కూలిపోయి, అందులోని ముగ్గురు సిబ్బందీ మరణించారు. సరిగా ప్యాక్ చేయని నైట్రిక్ ఆమ్లం కారి, సీసాల చుట్టూ నింపిన రంపపు పొట్టుతో కలవడంవల్లనే పొగ పుట్టి ఉండవచ్చునని విచారణలో అభిప్రాయపడ్డారు. అనంతరం అమెరికాలో చట్టం కఠినమైంది. అంతర్జాతీయ నియమాలు 1984 నుండి అమలులోకి వచ్చాయి. మన దేశంలో ప్రమాదకర సరుకుల రవాణాకు 2003లో ప్రత్యేక నియమావళి వచ్చింది.

ఇక ఆచరణలో పాటించవలసినవి మనవి చేస్తాను.

ఒకటి: పొడి డెవలపర్ ప్యాకెట్టు తీసుకువెళ్లదలిస్తే, తయారీదారు ఇచ్చే భద్రతా పత్రంలో 14వ విభాగం చూడండి. రవాణాకు ఆంక్షలున్నదీ లేనిదీ అందులో ఉంటుంది. లేవని ఉన్నా విమాన సంస్థను ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

రెండు: పొడిని పాత హార్లిక్స్ సీసాలోకి మార్చకండి. పేరులేని తెల్లపొడి ఏ తనిఖీ అధికారికైనా అనుమానం కలిగిస్తుంది.

మూడు: కడగని ఫిల్మును చేతిసంచిలోనే ఉంచుకోండి. చెక్ ఇన్ సామాను ఎక్స్‌రేకు అది పాడవుతుంది. చేతితో పరీక్షించమని మర్యాదగా అడగండి.

నాలుగు: రసాయనాలు వెళ్లినచోటే కొనుక్కోవడం ఉత్తమం. స్టాప్ బాత్ లేకున్నా మంచినీటితో కడిగి పని జరుపుకోవచ్చు. 1995లో అమెరికాలోని రోచెస్టర్ విద్యాసంస్థలో ఇన్‌స్టంట్ కాఫీ పొడి, చాకలి సోడాలతో డెవలపర్ చేసి చూపారు. ఆ తర్వాత విటమిన్ సి కూడా కలిపి వాడుతున్నారు. మనవడితో కలిసి కాఫీతో ఫొటో కడిగితే, ఇక్కడినుండి సీసా మోసినదానికంటే వాడికి ఎక్కువ సంతోషం. ఫిక్సింగుకు మాత్రం హైపో కావాలి.

చివరిగా ఒక్క మాట. "మా వాడికి ఈ డబ్బా అందించండి" అని ఎవరైనా ఇస్తే, విప్పి చూడనిదే తీసుకోవద్దు. మొహమాటం ఒక్క నిమిషమే. కౌంటరు దగ్గర "సామాను మీరే సర్దుకున్నారా?" అని అడిగినప్పుడు జవాబు చెప్పవలసినది మనమే. ఆ జవాబును నమ్మి మన వెనుక కుటుంబాలు కుటుంబాలే అదే విమానం ఎక్కుతాయి.