పాస్‌పోర్టులోని రోజుల లెక్క

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాళ్లం, పన్నుల వకీళ్లం కాము. అయినా ఈ సంగతి ఈరోజు చెప్పక తప్పడం లేదు. నంద్యాల, ఆళ్లగడ్డ, బనగానపల్లె, యాగంటి చుట్టుపక్కల ఊళ్ల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లంతా జీతగాళ్లు కారు. ఏసీలు బాగుచేసేవాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు, ల్యాప్‌టాప్ మీద ఇళ్ల ప్లాన్లు గీసేవాళ్లు, సొంతంగా బతికేవాళ్లు ఉన్నారు.

మా దగ్గర చదివిన ఒక అబ్బాయి షార్జాలో ప్లాన్లు గీస్తాడు. అబ్బాకు పక్షవాతం వచ్చిందని మే నెలలో వచ్చాడు. రెండు వారాలనుకున్నది జనవరి దాకా సాగింది. ఆళ్లగడ్డ ఇంట్లోనే కూర్చుని షార్జా పని చేశాడు. "సార్, వీసా అక్కడిది, డబ్బు పడేది అక్కడి బ్యాంకులో. ఇక్కడ పన్నెందుకు?" అన్నాడు. తర్వాత నోటీసు వచ్చింది, వడ్డీతో కట్టాడు. ఆ ఏడు అతను ఇస్తానన్న ఇద్దరు ఆడపిల్లల ఫీజు మేము వేరే దాతలను అడిగి సర్దాం.

వీసా ఎక్కడిదని మన చట్టం అడగదు, రోజులు అడుగుతుంది. ఏప్రిల్ నుంచి మార్చి లోపల 182 రోజులు ఇక్కడ ఉంటే ఆ ఏడాదికి ఇక్కడి నివాసే. ఇంకో లెక్క ఉంది: ఆ ఏడు 60 రోజులు, ముందటి నాలుగేళ్లలో 365 రోజులు ఉన్నా నివాసే. పని కోసం దేశం దాటే పౌరుడికి, చూసిపోవడానికి వచ్చే పౌరుడికి ఆ 60కి బదులు 182 అని సడలింపు ఉంది. సొంత వ్యాపారం చేసుకునేవాడికీ ఆ సడలింపు వర్తిస్తుందని కేరళ హైకోర్టు 2011లో చెప్పింది. అయితే చూసిపోవడానికి వచ్చేవాడి ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటితే హద్దు 120 రోజులే. నివాసి కాకపోయినా, ఇక్కడ కూర్చుని చేసిన పని ఆదాయం ఇక్కడ పుట్టినదిగానే చూస్తారు.

యాగంటి బసవన్న పెరుగుతాడంటారు గానీ పెరగడం కంటితో చూసినవాళ్లు లేరు. రోజులూ అంతే, మనం చూడకుండానే పెరుగుతాయి. అందుకే వచ్చిన తేదీ, పోయిన తేదీ నోటుబుక్కులో రాసుకోమనండి. పాస్‌పోర్టు ముద్రలు, టికెట్లు దాచమనండి. ఎమిరేట్స్‌లో 2023 మార్చి 1 నుంచి అక్కడి నివాస నియమాలు వచ్చాయి: 183 రోజులు, లేదా వీసాతో పాటు స్థిరమైన ఇల్లో పనో ఉంటే 90 రోజులు. అక్కడి పన్నుల శాఖ ఇచ్చే నివాస ధ్రువపత్రం తెచ్చుకుంటే రెండు దేశాల ఒప్పందం కింద అక్కరకొస్తుంది. సెలవు పొడిగించే ముందే ఆడిటరును కలవాలి, నోటీసు వచ్చాక కాదు.

దాతలకు ఒక మాట. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే చందా విదేశీ విరాళం కింద రాదు. వేరే దేశ పౌరసత్వం తీసుకున్నవాళ్లది వస్తుంది. పంపేముందు ఆ సంగతి మాకు చెప్పండి.

లెక్క సరిగ్గా ఉన్న సంపాదనే నిలుస్తుంది. అది నిలిస్తేనే మన పిల్లల ఫీజులూ నిలుస్తాయి.