రోగం దారి పట్టుకున్న పశువైద్యుడు



చూడి ఆవు ఏడో నెలలో ఈసుకుపోతే మన ఊళ్ళలో ఏమంటాం? దెబ్బ తగిలిందంటాం, దిష్టి అంటాం, మేత పడలేదంటాం. ఒకప్పుడు ఐరోపాలోనూ చాలామంది ఇంచుమించు ఇలాగే అనుకునేవారు. ఆ చిక్కు విప్పినవారు డెన్మార్కు దేశపు బెర్నార్డ్ బాంగ్ గారు. 1848లో పుట్టారు. ముందు మనుషుల వైద్యం, ఆపైన పశువైద్యం చదివి, కోపెన్‌హాగన్‌లోని పశువైద్య, వ్యవసాయ కళాశాలలో చాలాకాలం పనిచేశారు.

ఆయన ముందుగా తలపడింది పాడి మందలను తినేస్తున్న క్షయతో. 1890లో జర్మనీలో కోక్ గారు ట్యూబర్కులిన్ అనే మందు ప్రకటించారు. అది రోగం కుదర్చలేదు గాని, పైకి నిగనిగలాడే ఆవులోని రోగాన్ని కూడా పట్టి ఇచ్చేది. సరే, మందలో సగం పశువులకు రోగం ఉందని తేలిందనుకోండి. అన్నిటినీ చంపమంటే ఏ రైతు ఒప్పుకుంటాడు? బాంగ్ గారు అలా అనలేదు. వేరు చేయమన్నారు. రోగపు ఆవుకైనా దూడ చాలామటుకు శుభ్రంగానే పుడుతుంది, రోగం ఆ తరువాత పాలవల్లా, పక్క పశువుల వల్లా అంటుతుంది. కనుక దూడను విడిగా కట్టి, కాచిన పాలు పట్టి పెంచితే కొన్నేళ్ళకు రోగం లేని మంద తయారవుతుంది. నాకు ఆయన పనిలో అన్నిటికంటె నచ్చేది ఇదే, పేద రైతు చేయగల ఉపాయం గదా! వెన్న కేంద్రాల్లో అందరి పాలూ కలిసిపోయేవి. అందుచేత అక్కడినుంచి దూడల కోసం తిరిగివచ్చే వెన్నతీసిన పాలను కాచి తీరాలని డెన్మార్కులో 1898లో చట్టమే వచ్చింది.

ఇక ఈసుడు సంగతి. ఈసుకుపోయే సూచనలున్న ఆవు గర్భసంచిలో, మాయ చుట్టూ ఉన్న స్రావంలో, ఆయనకూ, సహాయకుడు స్ట్రిబోల్ట్‌కూ ఒక సూక్ష్మక్రిమి కనిపించింది. దాన్ని పెంచి చూడి ఆవులకు ఎక్కిస్తే అవీ ఈసుకుపోయాయి. 1897లో ఈ సంగతి ప్రకటించారు. అదే నేటి బ్రూసెల్లా.

ఈ రోగం మనుషులకూ అంటుతుంది. విడిచి విడిచి జ్వరం, కీళ్ళ నొప్పులు నెలల తరబడి పీడిస్తాయి. కనుక ఈసుకుపోయిన పశువును వేరే కట్టండి. పడిన పిండాన్నీ, మాయనూ ఉత్త చేతులతో ముట్టవద్దు. చూడితో ఉన్న ఆడవాళ్ళ సంగతి చెప్పనక్కరలేదు, గర్భిణులను ఆ పాకలోకే పంపవద్దు. కుక్కలు లాగకుండా లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. పాలు పొంగు వచ్చేదాకా కాచే తాగండి. పశువుల ఆసుపత్రిలో రక్త పరీక్ష చేయించండి.

రోగం వచ్చిన పశువుకు నమ్మకమైన మందు లేదు, ముందుగా టీకాయే వేయించాలి. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ పథకంలో ఇది చేరింది. 4 నుంచి 8 నెలల వయసున్న పెయ్యదూడలకు ఒక్కసారి వేస్తే చాలు. మగదూడలకూ, చూడి పశువులకూ వేయరు. టీకా వేసేవారు వచ్చినప్పుడు దూడ వయసు అడుగుతారు. ఆవు ఈనిన తేదీని పాక గోడమీదనైనా రాసి ఉంచండి.