టు-లెట్ పలక వెనుక





2016 అక్టోబరులో వికారాబాదు జిల్లా కేంద్రమైనప్పటి నుంచి ఇక్కడ ఇళ్ళు వెదకే ఉద్యోగులు పెరిగారు. తాండూరు నాపరాతి గనులకు, పాలిషింగు యూనిట్లకు దూరప్రాంతాల కూలీలు వస్తున్నారు. గేటుకు టు-లెట్ పలక వేలాడుతుంది. ఇంటివారు అద్దె చెప్పకముందే "మీరు ఏమోళ్ళు?" అని అడుగుతారు. జవాబు వినగానే "నిన్ననే ఇచ్చేశాం" అంటారు. పలక మాత్రం మరుసటి నెల కూడా అక్కడే ఉంటుంది. తిరస్కారానికి తోడు అబద్ధం!

నగరాలకు వెళ్ళిన మన పిల్లలు ఈ జవాబును బాగా ఎరుగుదురు. ఆచార్య సుఖదేవ్ థోరాట్ బృందం ఢిల్లీ పరిసర నగరాలలో జరిపిన పరిశోధన 2015లో వెలువడింది. అగ్రవర్ణాల పేర్లతో ఇల్లు అడిగినవారిలో దాదాపు అందరికీ అనుకూలమైన జవాబు వచ్చింది. దళితులలో చాలామందికి, ముస్లిములలో అంతకంటే ఎక్కువమందికి తలుపులు మూసుకున్నాయి. రాజ్యాంగపు 15వ అధికరణం దుకాణాలను, హోటళ్ళను, బావులను పేర్కొన్నది గాని అద్దె ఇంటిని పేర్కొనలేదు.

ఈ అన్యాయానికి బాధపడే మనలోనే ఇళ్ళ యజమానులున్నారు. దళిత కుటుంబం వచ్చినా, బీహారు కూలీ వచ్చినా "వాళ్ళు తాగుతారు" అని ముందే తీర్పు చెప్పేవారూ ఉన్నారు. తాగి అల్లరి చేయరాదని షరతు పెట్టండి, అది మీ హక్కు. పుట్టుకను బట్టి నడవడిని నిర్ణయించే హక్కు మీకెవరిచ్చారు? (కిరాయి అనే మాట అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మన తెలుగులోకి వచ్చింది. ఈ సాకు మాత్రం ఏ భాషలో విన్నా ఒకటే.)

మహాప్రవక్త (సఅసం) కూడా స్వస్థలం విడిచి, 622లో, ఇల్లు లేనివారుగానే మదీనా చేరారు. అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) తమ ఇంట చోటిచ్చారు. ప్రవక్త కింది అంతస్తులో, ఆ దంపతులు పైన. ఒక రాత్రి పైన నీటి కుండ పగిలింది. చుక్క కిందపడితే అతిథికి ఇబ్బంది కలుగుతుందని, తమకున్న ఒకే ఒక్క దుప్పటితో ఆ నీటిని అద్దివేశారు. ఆ దంపతులూ ఇంటి యజమానులే!

జాతులు, తెగలు పరస్పర పరిచయం కొరకేనని హుజురాత్ సూరా 13వ ఆయతు బోధిస్తున్నది. కనుక ఊరూ పేరూ అడగడం దోషం కాదు. జవాబు విని తలుపు మూయడమే దోషం. పరాయివాడని అద్దె పెంచడమూ దోషమే.

ఖాళీ గదులున్నవారు నమాజు తరువాత మస్జిదు కమిటీ పుస్తకంలో చిరునామా, అద్దె, షరతులు వ్రాయించండి. ఇల్లు కావలసిన వారెవరైనా, ఏ మతంవారైనా వచ్చి చూసుకోవచ్చు. అందులో కులానికీ ప్రాంతానికీ గడి పెట్టలేదు.