పేరు మనది, కౌలు పరులది

(చదువరుల సభయందు చేసిన ఉపన్యాసము)



మైక్రోమాక్సు, లావా, కార్బన్ మొదలగు స్వదేశసంస్థలు తమ పేర్లతో మొబైలు ఫోనులను అమ్మగా మనమెల్లరము సంతోషించితిమి. సంతోషింపదగినదే. కాని ఫోను వెనుక చెక్కిన పేరును చూచి ఆ ఫోను సర్వవిధముల ఆ సంస్థదే యనుకొందుమేని, కౌలుదారు గుమ్మమునకు కట్టిన పలకను చూచి యిల్లు అతనిదే యనుకొన్నట్లగును. ఫోనును నడపునది ఆపరేటింగు సిస్టము. దానిని షరతులతో వాడుకొనుటకిచ్చు కౌలునకే లైసెన్సని పేరు.

ఈ కాలమున స్వంత పేరుతో ఫోను అమ్మదలచిన వర్తకునకు కార్ఖానా యక్కరలేదు. చీనాలోని షెంజెన్ నగరమున నమూనాలు సిద్ధముగ దొరకును. కోరిన పేరు ముద్రించి యిత్తురు. సిస్టమునకును సొమ్ము చెల్లింప నక్కరలేదు. గూగుల్ సంస్థ 2005లో కొనిన ఆండ్రాయిడు యొక్క మూలసంకేతమును ఎవరైనను తీసుకొని, మార్చుకొని, అమ్ముకొనవచ్చును. ఇంతవరకు ఔదార్యమే. అయితే ప్లే స్టోరను అంగడియు, పటములును, యూట్యూబును లేని ఫోనును మన బజారులో ఎవడు ముట్టును? అవి ఆ ఉచితదానములో చేరవు. వానికి వేరొక ఒప్పందము. గూగుల్ వారి అప్లికేషన్లను కట్టగా ముందే చేర్చవలెననియు, వెదకుడు పెట్టెను మొదటి తెరపై నుంచవలెననియు, తమకు పొసగని ఆండ్రాయిడు రూపాంతరముతో మరియే ఫోనును అమ్మరాదనియు చాలకాలము షరతులుండెను.

ఆ కడపటి షరతు ఎంత బిగువైనదో 2012 సెప్టెంబరులో తెలిసినది. తైవాను దేశపు ఏసర్ సంస్థ, చీనా అలీబాబా వారి అలియున్ సిస్టముతో ఫోను విడుదలచేయ సంకల్పించి, చివరి క్షణమున విరమించుకొనెను. ఆండ్రాయిడు సహకారము పోవునని గూగుల్ వారు బెదరించిరని అలీబాబా పలికెను. అలియున్ పొసగని రూపాంతరమని గూగుల్ వాదించెను. వాదమెవరిది న్యాయమైనను, ఫోను ఏసర్‌దే, అనుమతి మాత్రము ఏసర్‌ది కాదు.

న్యాయస్థానములు ఊరకుండలేదు. 2018లో ఐరోపా కమిషన్ 434 కోట్ల యూరోల జరిమానా విధింపగా, 2022లో అచటి జనరల్ కోర్టు దానిని 412.5 కోట్లకు తగ్గించి, తక్కినది చాలవరకు స్థిరపరచెను. మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసెను. 2023లో అప్పీలు ట్రిబ్యునలు జరిమానాను ఖాయపరచి, కొన్ని ఆదేశములను రద్దుచేసెను. ఆ యేడే జనవరిలో, భారతదేశమున అప్లికేషన్లను విడివిడిగ కౌలునకిత్తుమని గూగుల్ ప్రకటించెను. కొంత మేలే.

పెద్ద దాతను విడిచి చిన్న దాతను ఆశ్రయించినచో సుఖమా? 2014 నాటి కథ వినుడు. అమెరికాలోని సైనోజన్ అను సంస్థ ఆండ్రాయిడునే మార్చి, తన రూపమును చీనాకు చెందిన వన్‌ప్లస్‌కు కౌలునకిచ్చెను. పిదప మనదేశమున ఆ హక్కు తమకొక్కరికే యని మైక్రోమాక్సుతో ఒప్పందము చేసికొనెను. వన్‌ప్లస్ ఫోను ఇచట అమ్మకమునకు వచ్చుటతో మైక్రోమాక్సు ఢిల్లీ హైకోర్టు కెక్కెను. డిసెంబరులో అమ్మకముపై నిషేధము వచ్చినది. కొలది దినములకే ద్విసభ్య ధర్మాసనము దానిని తొలగించెను. చేదు రుచిచూచిన వన్‌ప్లస్ 2015లో ఆక్సిజన్ అను స్వంత రూపమును తయారుచేసికొనెను. కోర్టుకెక్కి హక్కు నిలుపుకొనజూచిన మైక్రోమాక్సునకు మిగిలినదేమి? 2016 డిసెంబరుతో సైనోజన్ తన సేవలనే మూసివేసెను. కష్టార్జితముతో ఆ ఫోను కొనిన గృహస్థునకు సమాధానము చెప్పువారెవరు?

ధర తగ్గించిన చాలునా యందురేమో. మైక్రోసాఫ్టు 2014లో చిన్న పరికరములకు విండోసును ఉచితముగనే యిచ్చెను. అయినను తీసికొనువారు కరవైరి. అంగడి లేని ఊరికి కాపురమెవడు వచ్చును? 2019 మేలో అమెరికా ప్రభుత్వము హువావేపై ఆంక్షలు పెట్టగా, ఆ సంస్థ క్రొత్త ఫోనులకు గూగుల్ సేవలు తెగిపోయెను. చీనాలో ప్లే స్టోరు అప్పటికే లేదు గనుక అచట హువావే నిలిచి, హార్మొనీ అను సిస్టమును పెంచుకొనెను; వెలుపలి దేశములలో మాత్రము కుంగిపోయెను. వాషింగ్టనులో సంతకము పడిన నాడు మనకు నిలువ నీడయేది?

మదరాసు ఐ.ఐ.టి. ఆశ్రయమున 2023లో భారోస్ అను సిస్టము వెలువడినది. సిస్టము వ్రాయువారు మనలో లేకపోలేదు. కాని కొన్ని బ్యాంకుల అప్లికేషన్లు గూగుల్ ధ్రువీకరణము లేని ఫోనులో నడువ నిరాకరించును. ఈ ముడి విప్పవలసినది వర్తకుడు కాదు. బ్యాంకులును, ప్రభుత్వ శాఖలును. వారు తమ అప్లికేషన్లను ఒక్క అంగడికే కట్టివేయక వేరు మార్గము చూపినచో, కౌలుపత్రము ముందు కూర్చుండు స్వదేశ వర్తకునకు బేరమాడు బలము కలుగును. దాత మూతపడినచో మూలసంకేతము తన చేతికి రావలెనని, సరిదిద్దులు ఇన్నియేండ్లు తప్పక పంపవలెనని, తనకిచ్చిన హక్కు వేరొకరికి అమ్మరాదని అతడు అపుడు గట్టిగ అడుగగలడు. నేడు అడుగలేడు, చూపినచోట సంతకము చేయుచున్నాడు.