పుస్తెకు ముందు పుస్తకము

(1962వ సంవత్సరమున ఒక స్త్రీసమాజ మందిరమునందు చేసిన స్మారకోపన్యాసము)



ఏ తల్లి స్మృత్యర్థము ఆమె కుమారులిరువురును ఈ ఉపన్యాసనిధిని నెలకొల్పిరో, ఆ తల్లి బ్రతికియున్నన్నాళ్లును తన పేరు సభలలో వినబడుటకు ఇష్టపడినది కాదు గనుక, పేరు చెప్పకయే ఆమెను గూర్చి మాటలాడవలసినదని వారు నన్ను కోరిరి. నాకు అదియొక చిక్కు కాదు. మా వీథిలో ఆమె అసలు పేరెరిగినవారు అరుదు. పెద్దలకును పిల్లలకును ఆమె లెక్కల పిన్నిగారు. తొమ్మిదవయేట పెండ్లియై, పదమూడవయేట కాపురమునకు వచ్చిన ఆ అక్షరమెరుగని బాలిక, వంటయింటి పనులు ముగిసిన పిమ్మట మరిది పలకమీద అతనితోపాటు గుణింతము దిద్దుకొని, ఎక్కములు వల్లించి, ఇరువదియేండ్లు నిండునప్పటికి ఆ యింటి దినవెచ్చమంతయు స్వహస్తముతో వ్రాయనారంభించెను. అంతకుముందు ఆ యింట పాలలెక్క గోడమీది బొగ్గుగీతలు, చాకలిపద్దు సున్నపుబొట్లు, పండుగకు గోడలకు వెల్ల వేసినప్పుడెల్ల పాలవానితో తగవు.

నిధిసంఘమువారు నాకు నిర్ణయించిన విషయము కన్యకల ఆత్మాభివృద్ధియు, గృహిణీత్వమునకు వారు చేసికొనవలసిన సన్నాహమును. విషయము పాతదే. పాతదగుట చేతనే అందులోని లోపము మన కంటికి ఆనదు. మన యిండ్లలో బాలిక ఉన్నతపాఠశాల చివరి తరగతికి వచ్చునప్పటికి తల్లికి తొందర పుట్టును. నాలుగు నెలలపాటు సంగీతపు పంతులు వచ్చి రెండు కీర్తనలు చెప్పిపోవును. పొరుగింటివారి కుట్టుమిషను మీద దిండుగలేబులకు పూవులు కుట్టుట సాగును. మేనత్తగారింటినుండి కాకినాడ కాజా చేయు విధానము ఉత్తరములో వచ్చును. పెండ్లిచూపులనాడు పిల్ల ఆ రెండు కీర్తనలలో ఒకటి పాడును, దిండుగలేబులు పళ్లెరములో పెట్టి చూపుదురు, కాజాలు వచ్చినవారు తిందురు. ఆ మరునాటినుండి హార్మనీపెట్టె అటకమీదనే యుండును. ఒక సాయంకాలము కొరకు జరిగిన ఈ సన్నాహమును మనము నలువదియేండ్ల కాపురమునకు సన్నాహమని చెప్పుకొనుచున్నాము.

ఇందు నా పాలును కలదు. ఇరువదియేండ్లకు పైగా బాలికలకు గృహవిజ్ఞానము బోధించితిని. తనిఖీకి వచ్చువారి మెప్పుకొరకు నేను వారిచేత చేయించినవి అల్లికల తోరణములు, పూసల పంజరములు. నెలకు నూట ఇరువది రూపాయల జీతముతో ఐదుగురు బ్రతుకవలసిన యింటి బడ్జెట్టు వేయుడని ఒక్కనాడైనను అడిగితినా యని ఇప్పుడు తలచుకొనిన, అడిగిన జ్ఞాపకము లేదు.

ఈ దోషమునకు మూలము మన స్త్రీవిద్య పుట్టినచోటనే కలదని నా తలపు. 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను నెలకొల్పిన వీరేశలింగము పంతులుగారు, 1883లో సతీహితబోధిని యను పత్రికను స్త్రీలకొరకై వెలువరించి, సత్యవతీ చరిత్రమును రచించి, చదువుకొన్న కోడలు ఇంటికి అరిష్టము కాదనియు, ఆమెవలన సంసారము చక్కబడుననియు లోకమునకు నచ్చజెప్పవలసి వచ్చెను. భర్తకు సౌఖ్యము కలుగును, బిడ్డలు బాగుగా పెరుగుదురు, ఇంట కలహము తగ్గును, కావున ఆడపిల్లకు చదువు చెప్పుడని వారు అర్థించిరి. ఆ విధముగా అర్థించుటచేతనే ఆనాడు అంతమాత్రమైనను లభించినది. దానికి వారిని తప్పుపట్టుట కృతఘ్నత. కాని అర్జీ వ్రాయుటకు పనికివచ్చిన మాటలనే ఎనుబదియేండ్లు గడచినను పాఠ్యప్రణాళికగా మనము పట్టుకొని వ్రేలాడుట మాత్రము పంతులుగారి తప్పు కాదు.

1874లోనే పెనుగంచిప్రోలులో జన్మించి, బాల్యముననే వివాహమై మధ్యపరగణాలకు పోయిన భండారు అచ్చమాంబగారు బడి యెరుగరు. తన యింట నుండి చదువుకొనుచుండిన తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి చెంత కూర్చుండి చదువు నేర్చి, పిమ్మట స్వయంకృషిచే పలుభాషల నలవరచుకొని, 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాలను ప్రకటించి, 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో కలిసి బందరులో బృందావన స్త్రీసమాజమును స్థాపించి, 1905లో ప్లేగు రోగులకు పరిచర్య చేయుచు ఆ వ్యాధికే ఆమె బలియైరి. మెడలోని పుస్తె చేతిలోని పుస్తకమునకు అడ్డు రాదనుటకు మన ఉపన్యాసకులు తరచుగా ఈమెను ఉదాహరింతురు. నేను వేరొక విధముగా చెప్పుదును: అడ్డు వచ్చినది, ఆమె దాటినది. అందరును అచ్చమాంబలు కాజాలరు గనుకనే పుస్తెకు ముందుగా పుస్తకము చేతికీయవలెను. తరువాతి తరమున కనుపర్తి వరలక్ష్మమ్మగారు గృహలక్ష్మీ పత్రికలో శారద పేరిట కల్పలతయను నెచ్చెలికి లేఖలు వ్రాయుచు, ఇంటి మాటతోనే ఆరంభించి శాసనసభలదాకా పోవుటయు, 1931లో బాపట్లలో స్త్రీహితైషిణీ మండలిని స్థాపించుటయు, కాకినాడలో బాలికగా నుండగనే హిందీ పాఠశాల నడపిన దుర్గాబాయిగారు 1937లో చెన్నపట్టణమున ఆంధ్రమహిళాసభను నెలకొల్పి, చదువు నడుమనే నిలిచిపోయిన స్త్రీలను పరీక్షలకు కూర్చుండబెట్టుటయు మీరెరిగినవే.

పూర్వులమాట యెత్తకున్న సభలోని పెద్దలు ఊరకుండరు గనుక దానికే పోదము. వ్యాసభారతము అరణ్యపర్వమున సత్యభామ ద్రౌపదిని చేరి, ఐదుగురు భర్తలును నీ మాట జవదాటకుండుటకు ఏ మంత్రము జపించితివి, ఏ మందు పెట్టితివి అని అడుగును. ద్రౌపది ఆ మాటకు కోపగించి, తాను చేయు శుశ్రూషను విస్తరముగా చెప్పును. అత్తవారింటికి పంపుచు మన పెద్దలు ఆడపిల్లకు చెప్పు నీతులు చాలవరకు ఈ భాగములోనివే. కాని అదే ద్రౌపది అచ్చటనే, దాసదాసీజనములో ఎవరేమి చేసినదియు తానెరుగుదుననియు, పాండవుల ఆదాయవ్యయములు సమస్తమును తెలిసినది తానొక్కతెయే యనియు, వరుణుని నిధివంటి ఆ కోశమును చూచుకొనుచుండినది తానే యనియు కూడ చెప్పుచున్నది. ఈ భాగమును పెండ్లిపందిటిలో ఎవరైనను చెప్పగా విన్నవారుందురా? స్త్రీకి స్వాతంత్ర్యము తగదనుటకు మనువును పిలుచువారు, ధనమును కూర్చుటయందును వ్యయపరచుటయందును భార్యను నియోగింపుమని ఆ మనువే తొమ్మిదవ అధ్యాయమున చెప్పినప్పుడు ఆయనను పిలువరు. పెండ్లిపీటలమీద వరుడు ధర్మమునందు, అర్థమునందు, కామమునందు ఈమెను అతిక్రమింపనని పురోహితుడు చెప్పించిన ప్రమాణము చేయును. ఆ నడుమనున్న అర్థమనగా ధనము. భర్త జీతమెంతయో పక్కింటివారి నోట విని తెలిసికొనిన భార్యలను నేను పలువురిని చూచితిని. మంత్రము అర్థము కాకపోవుటవలన ఎన్ని సౌకర్యములున్నవి!

లెక్కయనగా ఏదో పెద్ద విద్య యని భ్రమపడవలదు. ఈ ఏప్రిల్ మొదటి తేదీనుండి కొత్త తూనికలు తప్పనిసరియైనవి. మొన్న ఒక అంగడియందు, పాఠశాలాంత పరీక్షలో నెగ్గి, వచ్చు శ్రావణమున పెండ్లికూతురు కావలసిన పిల్లయొకతె చింతపండు కొనుచుండగా, వర్తకుడు మిక్కిలి ఆప్యాయముగా, "ధర పెంచలేదమ్మా, వీశె ధరకే కిలో ఇస్తున్నాను" అనెను. పిల్ల సంతోషించి పైకమిచ్చెను. గుమ్మము ప్రక్కన తోటకూర కట్టలు పెట్టుకొని కూర్చున్న ముసలమ్మ, ఏ బడిలోను చదువనిది, "వీశె అంటే నూట ఇరవై తులాలు తల్లీ, కిలో అంటే ఎనభై ఆరు కూడా రాదు. పావు వంతుకు పైనే పోయింది నీకు" అనెను. ఆ పిల్లకు బీజగణితము వచ్చును. త్రైరాశికమును రాగము తీసి చెప్పగలదు. ఆ విద్య పుస్తకమునుండి చింతపండు పొట్లము దాక నడచి రాలేదు. అణాలు పోయి నయాపైసలు వచ్చిన ఈ ఐదేండ్లలో, పన్నెండణాలు డెబ్బదియైదు పైసలని తెలియక, ఎనుబది యిచ్చి చిల్లర అడుగక వచ్చిన చదువుకొన్న గృహిణులెందరో! నిరుటి జనాభా లెక్కల ప్రకారము మన రాష్ట్రమున స్త్రీలలో అక్షరాస్యులు నూటికి పన్నెండుగురు. ఆ పన్నెండుగురిలో ఒకతెయైనదే ఇట్లు మోసపోయినచో, మిగిలిన ఎనుబదియెనిమిదిమందికి ఆమె చేయగల సాయమేమి?

వంట విషయమును గూర్చి ఒక్కటి చెప్పక తప్పదు. రుచికరముగా వండుట నేర్పవలదని నేననను. పులుసులో ఉప్పు ఎక్కువైన యింట ఏ సిద్ధాంతమును నిలువదు. కాని మన ఉత్తర సర్కారు జిల్లాలలో ఒకప్పుడు బెరిబెరి విస్తరించుటకు కారణము దేవతాగ్రహము కాదనియు, మరలో తెల్లగా పాలిషుపట్టిన బియ్యమనియు, పైనున్న తవుడుతోపాటు నరములకు బలమిచ్చు జీవసత్వము పోవుటయే యనియు వైద్యులు నిర్ణయించి చాలకాలమైనది. ఆ మిగిలిన కొంచెమును మనము నాలుగుమార్లు కడిగి కుడితిలో పోసి, గంజి వార్చి మరల పారబోయుచున్నాము. పశువులు బలిసినవి. దంపుడు బియ్యమునో, ఉప్పుడు బియ్యమునో వాడి, అత్తెసరు పెట్టి వండినచో వైద్యుని ఖర్చు కొంత తగ్గును. అత్తెసరు మన అమ్మమ్మలకు తెలిసినదే. అది పేదవాండ్ర వంటయని నామోషీపడి విడిచితిమి. ఆహారమును గూర్చి కూనూరులో పరిశోధించుచుండిన సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చి నాలుగేండ్లైనది. ఏ పదార్థమున ఏ సత్వమెంత కలదో పట్టికలుగా దొరకుచున్నది. కాజా విధానము ఉత్తరములో తెప్పించుకొను తల్లి ఆ పట్టికను తెప్పించుకొనలేదా?

చట్టములమాట క్లుప్తముగా చెప్పెదను. బాలికలకు పదునాలుగేండ్లు నిండనిదే పెండ్లి చేయరాదన్న శారదా చట్టము 1930 ఏప్రిల్‌లో అమలునకు వచ్చుననగా, దానికి ముందటి ముహూర్తములలో ఉయ్యాలలోని పిల్లలకు సయితము పుస్తెలు కట్టించిన దేశము మనది. 1955 నాటి చట్టము ఆ వయస్సును పదునైదు చేసినది. నా లెక్కకు అదియును చాలదు, పదునెనిమిదైనను కావలెను. 1956 నాటి వారసత్వ చట్టమువలన స్త్రీకి సంక్రమించిన ఆస్తి ఆమెకు సంపూర్ణముగా స్వంతము. నిరుడు జూలైనుండి కట్నము పుచ్చుకొనుటయు ఇచ్చుటయు నేరము. ఆ నేరము నిరుటినుండి ఈ యూరిలో ఎన్ని యిండ్ల జరిగినదో నన్నడుగవద్దు, విందుభోజనములకు నేనును పోయితిని. ఈ మూడు సంగతులును తెలియకుండ కాగితముమీద చేవ్రాలు పెట్టు అమ్మాయికి, అసలు చేవ్రాలు రాకపోవుటయే మేలని నేనెప్పుడైనను విసుగుతో అనినచో మన్నింపుడు. పాఠశాల విడిచిన పిమ్మట పెండ్లికి ముందు మన బాలికలకు దొరకు ఒకటి రెండేండ్లు ఊరక నవలలతో గడచిపోవుచున్నవి. నవలలు చదువవద్దనను, నేనును చదువుదును. ఆ రెండేండ్లలో తపాలా కచేరీకి తానే పోయి తన పేర పొదుపు ఖాతా తెరచుట, ఇంటిపన్ను రసీదు చదివి అర్థము చేసికొనుట, జ్వరమాని యందలి గీతలు చూచుట, తండ్రి దినవెచ్చమును ఆరునెలలు తాను వ్రాసి ఒప్పజెప్పుట, ఇవి చేసిన పిల్ల ఏ యింటికి పోయినను చేతులు కట్టుకొని నిలువబడదు. పెండ్లి కుదరక ఆగిపోయినను, దైవవశమున పెండ్లి చెడినను, ఆ విద్య ఆమెతోనే యుండును.

కిందటి యేట ఇదే సమాజమున నేనీ మాటలు చెప్పగా, ముందువరుసలోని పెద్దమనుష్యులొకరు లేచి, "లెక్కలు తెలిసిన పిల్ల మొగుణ్ణి లెక్కచేయదమ్మా" అనిరి. సభ నవ్వినది, నేనును నవ్వితిని. ఆయనకు సమాధానము ఇంటికి పోయిన పిమ్మట దొరికినది. లెక్కల పిన్నిగారి పుస్తకములలో, నెలనెలకును ఒక మూల, "వారికి చేబదులు" అను పద్దు కలదు. మూడు రూపాయలు, రూపాయిన్నర, ఒకప్పుడు పదునొకండు. ఆమె భర్తకు నాటకముల పిచ్చి యుండెడిది. ఆ పద్దునకు ఎదుట జమ గడి పొడుగునను ఖాళీగానే యున్నది. ఒక్క మాట వ్యాఖ్య లేదు, ఒక్క నెల మానుట లేదు. ఆయన పోయిన మాసమున ఆ పద్దు క్రింద ఒక గీత గీచి, మొత్తము వేసి, ఎదుట "చెల్లు" అని వ్రాసినది. ఆయనను లెక్కచేయలేదని ఎవరనగలరో అనుడు.

ఆ పుస్తకములు పదునేడును ఆమె కుమారులు ఈ సమాజమునకే ఇచ్చిరి. గ్రంథాలయమున ద్వారమునకు కుడిప్రక్కనున్న బీరువాలో, రెండవ అరలో కలవు. తాళపుచెవి గ్రంథాలయమును చూచుకొను చెల్లెమ్మ యొద్ద నున్నది. సాయంకాలము నాలుగు గంటలనుండి ఆరుగంటలవరకు ఎవరడిగినను ఇచ్చును.