తుక్కులోని రాగి, ఉక్కులోని పగులు

సికింద్రాబాద్ బోయిగూడ వైపు తుక్కు గోదాములకు చేరే సరుకులో పాత మోటార్లు, ఫ్రిజ్ కంప్రెసర్లు, తగరం పూత డబ్బాలు ఉంటాయి. ఇనుముతోపాటు రాగి తీగ కూడా వస్తుంది. చిక్కంతా దానితోనే.

కరిగిన ఇనుములోకి ఆక్సిజన్ ఊదితే సిలికాన్, మాంగనీసు కాలి చిట్టెంగా పైకి తేలతాయి. రాగి, తగరం అలా పోవు. వాటికంటే ముందు ఇనుమే కాలిపోతుంది. అందువల్ల ఒకసారి కలిసిన రాగి ఆ ఉక్కును వదలదు. అదే ఉక్కు మళ్లీ తుక్కై కొలిమికి వచ్చినప్పుడు పాత రాగికి కొత్త రాగి తోడవుతుంది.

దాని చేటు రోలింగ్ మిల్లులో బయటపడుతుంది. అక్కడ ఉక్కును సుమారు 1,100 డిగ్రీల వరకు వేడిచేస్తారు. పైపొరలోని ఇనుము గాలి తగిలి పొలుసు కడుతుంది, రాగి మాత్రం ఆ పొలుసు కింద పేరుకుంటుంది. 1,085 డిగ్రీలకే కరిగే లోహమది. కరిగి, ఉక్కు రేణువుల మధ్య సందుల్లోకి పాకుతుంది. రోలర్లు నొక్కగానే ఉపరితలం పగుళ్లిస్తుంది. తగరం తోడైతే మరీ ఘోరం. కారు బాడీకి సాగదీసే రేకులో రాగి సుమారు 0.06 శాతం దాటనివ్వరు. ఇళ్లకు వాడే కడ్డీ 0.4 శాతం దాకా ఓర్చుకుంటుంది. తుక్కు ఉక్కు ఎక్కువగా కడ్డీలుగానే మారడానికి ఇదో కారణం.

ఇల్లు కట్టుకునేవారు భాస్వరం సంగతీ తెలుసుకోవాలి. అది ఎక్కువైతే ఉక్కు పెళుసవుతుంది. మామూలు ఇసుక పూత ఇండక్షన్ కొలిమి దాన్ని తీసేయలేదు. ఐఎస్ 1786 ప్రమాణం ప్రకారం ఎఫ్ఈ 500 కడ్డీలో భాస్వరం 0.055 శాతం, 500డి రకంలో 0.040 శాతం మించకూడదు. తెగేలోపు మొదటిది కనీసం 12 శాతం, రెండోది 16 శాతం సాగాలి. భూకంపం వచ్చిన రోజున ఇంటిని కాపాడేది ఆ సాగే గుణమే.

పిసరంత లోహం ప్రతిసారీ చెరుపు చేస్తుందని కాదు. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. భారతదేశపు మూస ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తుల మీది అలల గీతలకు 0.004 శాతం వెనేడియం కూడా చాలని శాస్త్రవేత్త జాన్ వర్హోవెన్, కమ్మరి ఆల్ఫ్రెడ్ పెండ్రే 1998లో ప్రకటించారు. ఎంత కలిసిందన్నదే కాదు, ఏది కలిసిందన్నదీ ముఖ్యమే.

మళ్లీ రాగి సంగతికొస్తే, దాని శాతం తగ్గించడానికి తుక్కులో స్పాంజ్ ఐరన్, అంటే ఖనిజం నుంచి నేరుగా తీసిన ఇనుము, కలుపుతారు. దేశంలో మొదటి స్పాంజ్ ఐరన్ కర్మాగారం 1980లో మన పాల్వంచలోనే మొదలైంది. అయితే ఇది రాగిని పలచన చేయడమే. అసలు మందు కొలిమికి ముందే, రాగిని చేత్తో వేరుచేయడంలో ఉంది.

ఆ పని జరిగే తుక్కు గోదాముల్లో చెమటోడ్చేవాళ్లు ఎంత ప్రమాదంలో బతుకుతున్నారో 2022 మార్చి 23న తెలిసింది. బోయిగూడ తుక్కు గోదాములో మంటలు రేగి బీహార్ నుంచి వచ్చిన 11 మంది కార్మికులు చనిపోయారు. మంచి ఉక్కు కావాలంటే ముందు వాళ్లకు బయటపడేందుకు రెండో దారి ఉన్న గోదాము, విడిగా పడుకునే చోటు కావాలి. నగరపాలక అధికారులు ఈ రెండూ ఉన్నాయో లేదో చూసి అనుమతివ్వాలి. మీరు కూడా పాత ఫ్యాను, మోటారు అమ్మేటప్పుడు వాటిని ఇనుప సామానులో కలపకుండా విడిగా తూయించండి.